ఏడో నెంబరు డేరా

మొన్న మా మనవరాలు ఒక వానకోటు కొనుక్కొచ్చి నా ముందు విప్పింది. మడిస్తే పిడికిట్లో పట్టేటంత ఉంది. పోంచో అంటారట. తొడుక్కుంటే వానకు అడ్డం, తాడు మీద వేసి కడితే డేరా. గుట్టలెక్కే పిల్లలంతా ఇప్పుడిట్లాగే పడుకుంటున్నారని చెప్పి, ఎట్లా కట్టాలో నాకు నేర్పబోయింది. నాకే! ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. పాపం, దాని మీద కాదు. ఇన్నేళ్లయినా చల్లారని పాత మంట అది.

మాది తాండూరు పక్కన బండల గనుల్లో పనిచేసేవాళ్ల వాడ. ఊరికి అవతల, ఎవరికీ అడ్డం రాకుండా విసిరేసినట్టు ఉండేది. ఆదివారం పూట చర్చికి పోయేవాళ్లం, మిగతా ఆరు రోజులూ దొరికిన పనికి పోయేవాళ్లం. పోలీసు యాక్షనుకని మిలిటరీ వచ్చి వెళ్లిన ఏడాది, వాళ్లు వదిలేసిన సామాను అంగట్లోకి వచ్చింది. అందులోంచి మా నాయిన ఒక బర్సాతి, అంటే వానకోటు, తెచ్చాడు. ఆకుపచ్చ బట్ట, దాని మీద రబ్బరు పూత, అంచుల పొడుగునా తాడు దూర్చేందుకు ఇత్తడి కళ్లు. దాన్ని మంచం మీద పడేసి ఆయన స్నానానికి పోయాడు. తిరిగొచ్చేసరికి మా అవ్వ పని కానిచ్చేసింది. అవ్వ అంటే మా దిక్కు అమ్మే.

"గింత మంచి బట్టకు నడిమిట్ల గంత బొక్క! చినిగింది అంటగట్టిండ్రు నీకు. కండ్లు యాడ వోయినయ్?" అని మొదలుపెట్టింది.

చూస్తే నడిమధ్య సైకిలు ట్యూబు ముక్క అతుకేసి, దబ్బనంతో రెండు వరసలు కుట్టి, కుట్ల మీద మైనం కూడా రుద్దేసి ఉంది. నాయిన తల పట్టుకున్నాడు.

"అది తల దూర్చే బొక్కనే! నేనిప్పుడు తల యాడ పెట్టాలె?"

"లోపల పెట్టుకోని కూసో. కుట్టింది ఇప్ప."

నిజంగానే ఇప్పలేదు. ఎంత బతిమాలినా ససేమిరా అంది. తొడుక్కోవడానికి తెచ్చిన బర్సాతి అట్లా మాకు కప్పు అయింది. వానాకాలం కలుపులకు యాలాల దిక్కో, బషీరాబాదు దిక్కో పోతే పదేసి రోజులు చేను గట్టు మీదే ఉండేవాళ్లం. రెండు చెట్లకు తాడు కట్టి, దాని మీద బర్సాతి వేసి, నాలుగు మూలలా గూటాలు కొట్టేవాళ్లం. గాలి వచ్చే వైపు నేలకు ఆనించాలి, రెండో వైపు కాస్త ఎత్తాలి. చుట్టూ జానెడు కాలువ తీయాలి. అన్నిటికన్నా ముందు నేల చూసుకోవాలి. "నున్నగున్న నేల జూసి మురువకు బిడ్డా. నీళ్లు నిలిచి నిలిచే గది నున్నగైతది" అనేది అవ్వ. క్యాంపు అనే మాట మాకు తెలియదు. పనికి పోవడం అనేవాళ్లం.

ఆ మాట నాకు వికారాబాదులో టీచరు ట్రైనింగులో చేరాక తెలిసింది. మా వాడ నుంచి అంత చదివిన మొదటి ఆడపిల్లను నేనే. చివర్లో అనంతగిరి గుట్టల్లో మూడు రోజుల క్యాంపు. ఆ మూడు రోజులూ డేరాల్లో ఉన్నట్టు రిజిస్టరులో పడితేనే పరీక్షకు కూర్చోనిస్తారు. లేకపోతే రెండేళ్ల చదువు గంగలో కలిసినట్టే, మళ్లీ బండల గనే గతి. అవ్వ ఆ బర్సాతి మడిచి నా సంచిలో కుక్కింది. "మా స్కూలుకు డేరాలున్నయే అవ్వా" అన్నాను. "ఉండనీ. నీకు నీది ఉండాలె" అంది. మా అవ్వ చదువుకోలేదు గానీ లోకం తెలుసు.

దసరా సెలవులు అయ్యాక బయల్దేరాం. పట్టీలో ముప్ఫై ఒక్క మందిమి, మాకు ఆరు డేరాలు, టీచరమ్మకు ఆఫీసు డేరా వేరే. డేరాకు ఐదుగురని పేర్లు చదివితే అందరి పేర్లూ అయిపోయాయి, నేను మిగిలాను. అబ్బో, ఎంత చక్కటి లెక్క! కానీ నాలుగో నెంబరు డేరాలో ఒక పిల్ల జ్వరమొచ్చి రానే లేదు. అక్కడ నలుగురే ఉన్నారు. వెళ్లి గుడ్డ తలుపు ఎత్తి చూస్తే ఐదో మనిషి జాగాలో వరసగా రేకు పెట్టెలు పేర్చి ఉన్నాయి.

"జాగ లేదు" అంది ఒక పిల్ల, నా మొహం చూడకుండా. ఆ పిల్లా నేనూ తరగతిలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం. పెట్టెలకు జాగా ఉంది, నాకు లేదు.

టీచరమ్మ దగ్గరికి పోయాను. ఆమె పట్నం మనిషి, క్యాంపు పెత్తనమంతా ఆమెదే.

"ఎందుకమ్మా గొడవ. గుట్ట కింద ఊళ్లో మీవాళ్ల ఇళ్లుంటాయి కదా. రాత్రి అక్కడ పడుకుని పొద్దున్నే వచ్చెయ్" అంది మెత్తగా.

మీవాళ్లు! ఆ ఊరి మొహం నేను ఎన్నడన్నా చూశానా? "మావోళ్లు తాండూరుల ఉన్నరు టీచరమ్మా. గింత దూరం నేను మావోళ్ల ఇంట్ల పండుకోనీకి రాలె. కింద పండుకుంటె రిజిస్టరుల నా పేరు రాస్తరా?"

"డేరాలో ఉన్నవాళ్లకే కదా రాసేది" అంది, తప్పు నాదే అయినట్టు.

సరే, చూద్దాం అనుకున్నాను. డేరాలన్నీ పళ్లెంలాంటి చదును జాగాలో వేశారు. నున్నటి నేల, చూడముచ్చటగా ఉంది. "అక్కడ నీళ్లు నిలుస్తయి టీచరమ్మా" అని ఒక్కసారి చెప్పాను. "నువ్వు చెప్తే మేం నేర్చుకోవాలా?" అంది. నేను నోరు మూసుకుని, పైన వాలు మీద రెండు చెట్లు చూసుకుని, తాడు కట్టి బర్సాతి వేశాను. కట్టెలు చెక్కి గూటాలు చేశాను. కాలువ తవ్వుతుంటే కింది నుంచి కొందరు కిలకిల నవ్వారు. నవ్వుకోండి, నాకేం.

పొద్దునా సాయంత్రం హాజరు. టీచరమ్మ డేరా నెంబరు పిలిస్తే, ఆ డేరా వాళ్లు లేచి నిలబడి ఒక్కొక్కరే "హాజిర్" అనాలి. మొదటి సాయంత్రం ఆరో నెంబరు దాకా పిలిచి రిజిస్టరు మూసేసింది. ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడే ఉన్నాను, అయినా లేనట్టే. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. దాచడమెందుకు, ఏడ్చాను. తెల్లవారాక మొహం కడుక్కుని, సుద్దముక్కతో బర్సాతి మీద ఇంత పెద్ద ఏడు అంకె వేశాను. హాజరప్పుడు ఆమె ఆరు అయిపోయి మూయబోతుంటే, గుట్టంతా వినపడేట్టు అరిచాను.

"ఏడో నెంబరు డేరా! ఒక్కరు హాజిర్!"

అందరూ గొల్లున నవ్వారు. టీచరమ్మ మొహం ఎర్రబడింది.

"అది డేరా కాదు, బర్సాతి. బర్సాతికి నెంబరుండదు" అని రిజిస్టరు మూసింది.

సాయంత్రం మళ్లీ అరిచాను. మూడో రోజు పొద్దున మళ్లీ. నవ్వేవాళ్లు తగ్గారు గానీ ఆమె కలం కదలలేదు. ఇక మిగిలింది ఆ సాయంత్రం హాజరు ఒక్కటే. అది అయ్యాక అందరం దిగిపోతాం.

మధ్యాహ్నం అన్నాలు తిని లేచేసరికి మబ్బు కమ్మింది. చూస్తుండగానే కుండపోత. వాలు మీది నీళ్లన్నీ ఆ నున్నటి జాగాలోకే దిగాయి. గూటాలు ఊడి, మొదట రెండో నెంబరు కూలింది, తర్వాత నాలుగోది, తర్వాత టీచరమ్మ ఆఫీసు డేరా. పిల్లలు కేకలు పెట్టుకుంటూ దూరంగా ఉన్న గుడి మంటపం వైపు పరుగులు తీశారు. నేను బర్సాతి కింద ముడుచుకుని కూర్చుని చూస్తున్నాను. నా కాలువ తన పని తాను చేస్తోంది.

నాలుగో నెంబరు పిల్ల, అదే, నా బల్ల మీది పిల్ల, రేకు పెట్టె ఎత్తుకుని వణుకుతూ నా ముందుకొచ్చి నిలబడింది.

"పెట్టె బయట పెట్టి రా. గీడ జాగ మనుషులకే" అన్నాను. పెట్టి వచ్చింది.

ఆ వెనకే టీచరమ్మ. కొంగు కింద రిజిస్టరు పట్టుకుని తడిసి ముద్దయి ఉంది. మంటపం దాకా పోతే అందులో ఒక్క అక్షరం మిగలదు. ఆమె వంగి చెయ్యి మాత్రం లోపలికి చాపింది.

"ముందు ఇది లోపల పెట్టుకో అమ్మా, తడిసిపోతోంది."

నేను చెయ్యి చాపలేదు. ఈమె కోపగించుకుని రేపు ఏదో ఒకటి రాసి పారేస్తే నా బతుకేంగాను? అయినా నోరు ఆగలేదు.

"నా పేరు లేని రిజిస్టరుకు నా బర్సాతి కింద జాగ ఎందుకు టీచరమ్మా?"

ఆమె నన్ను చూసింది. ఆ మూడు రోజుల్లో నా మొహం సరిగ్గా చూడడం అదే మొదలు. తర్వాత మోకాళ్ల మీద వంగి లోపలికి వచ్చింది. మా కప్పు కిందికి ఎవరైనా వంగే రావాలి. కూర్చుని పైకి చూసి, "మధ్యలో ఈ అతుకేంటి?" అంది. "తల దూర్చే బొక్క. మా అవ్వ కుట్టేసింది" అన్నాను. దాని నుంచి ఒక్క చుక్క కారడం లేదు. ఆమె కలం తీసింది. మొదటి రోజు దగ్గర్నుంచి ఒక్కో పూటా రాస్తూ వచ్చింది. నేను పక్క నుంచి ప్రతి అక్షరమూ చూస్తున్నాను. చివరిగా ఆ సాయంత్రం హాజరు గడి దగ్గర ఆగింది.

"పిలిచి రాయుండ్రి టీచరమ్మా. అందరినీ పిలిచినట్టు."

ఆమె గొంతు సవరించుకుంది.

"ఏడో నెంబరు డేరా."

లేచి నిలబడాలని రూలు. మా అవ్వ కుట్టిన కప్పు కింద లేవడానికి జాగా లేదు. కూర్చునే అన్నాను, "హాజిర్."