కుర్చీలు ఎత్తుకుపోయే జయకర్ మాస్టారు

మా జయకర్ మాస్టారు మనిషన్నవాణ్ణి కూర్చోనివ్వరు. రెంటచింతలలో ఆయన కంటపడ్డాక కూడా కుర్చీ దక్కించుకున్నవారిని నేనింతవరకు చూడలేదు. పెళ్లి భోజనాల్లో జనం ఒక చేత్తో తింటూ రెండో చేత్తో కుర్చీని పట్టుకుంటారు.

హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరైన ఆయన ఇప్పుడు ఊరందరికీ ఒకే పాఠం చెబుతున్నారు. "ఎముకల మజ్జలో మూలకణాలుంటయ్. కదలకుండా కూచుంటే, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని, వాటికొక తుప్పు. అది పట్టిందా, ఎముక కావాల్సిన కణం కొవ్వయి కూచుంటది. లే, నడువు!"

అంకారావు మంగలి షాపులో సగం గడ్డంతో ఉన్నవాణ్ణి కూడా లేపేశారు.

"నిలబడితే గడ్డం ఎట్టా గీసేది మాస్టారూ?"

"నువ్వు స్టూలెక్కి గియ్యి."

మా అమ్మమ్మ మార్తమ్మకు ఎముకలు గుల్లబారి, జారిపడినప్పుడు తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, నడవకపోతే ఇక మంచమేనని డాక్టరు హెచ్చరించారు. మళ్లీ పడతానన్న భయంతో ఆమె కుర్చీ దిగలేదు. చర్చికీ వెళ్లడం మానేసింది. నేను బతిమాలాను, పరిశోధన పత్రాలు చదివి వినిపించాను. ఆమె చక్కగా నిద్రపోయింది.

ఒక ఉదయం ఆమె స్నానం చేసి వచ్చేసరికి కుర్చీ లేదు.

"ఏమే ఝాన్సీ, నా కుర్చీ ఏదే?"

గేటు దగ్గరుంది. తెచ్చిపెడతానన్నాను.

"నువ్వు తెస్తే ఆ జయకరుగాణ్ణి తిట్టేదెవరే? తప్పుకో!"

వాకర్ పట్టుకుని, దారంతా తిట్టుకుంటూ వెళ్లి కూర్చుంది. ఆ తరువాత కుర్చీ పక్కింటి అరుగు మీద తేలింది, ఆపైన కిరాణా కొట్టు ముందు. నా సహనం నశించి మాస్టారింటికి వెళ్లాను.

"ఆమె పడిపోతే ఎవరిది బాధ్యత మాస్టారూ?"

"ముందు నువ్వా గట్టు మీంచి లేమ్మా."

ఆదివారం కుర్చీ ఏకంగా చర్చిలో ఉందని తెలిసింది. అమ్మమ్మ కొంగు బిగించి బయలుదేరింది. వెనకే నడుస్తూ తిరిగి చూస్తే, గోడల చాటున మాస్టారు! చంకలో ఒక మడత స్టూలు.

"ఇదేమిటి మాస్టారూ?"

"ష్! దోవలో కాళ్లు లాగితే అక్క కూచోవద్దూ? మొదటిరోజు నుంచీ మోస్తన్నా. గట్టిగా అనబాక, చూసిందంటే ఇక్కడే కూలబడుద్ది."

స్టూలు అవసరం రాలేదు. ముందు వరుసలో, ఫ్యాను కింద కుర్చీ సిద్ధంగా ఉంది. అమ్మమ్మ కూర్చుని, ఆయాసం తీర్చుకుని, వెనక్కి తిరిగింది.

"ఒరేయ్ జయకరూ, వచ్చే వారం ఏడ పెడతావో ముందే చెప్పి చావు. ఎండెక్కకముందే బయలుదేరతా."

ఇదంతా పద్ధతిగా రాసిపెడదామని ఇవాళ బల్ల దగ్గరికి వస్తే నా కుర్చీ కనబడలేదు. వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది.

"ఏంది చూస్తన్నావు? పొద్దస్తమానం కూచుంటే మజ్జకి తుప్పు పట్టుద్ది. మాస్టారింటి దగ్గర పెట్టించా, పో!"

వెళ్లలేదు. నిలబడే రాశాను.