సాలి బండికి వోల్టు మీటర్

2023 వానాకాలం. ఇన్వర్టర్లు, బ్యాటరీ బండ్లు బాగుచేసే మా జనగామ కొట్టు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. దానిమీద వికలాంగులు నడుపుకునే మూడు చక్రాల బ్యాటరీ బండి. ముందు సీటులోంచి చంకకర్రల మీద దిగింది సాలి. దేవరుప్పుల దగ్గరి తండా ఆమెది, రోజూ దేవరుప్పులకు వెళ్లి జాకెట్లు కుడుతుంది. వెనకే తమ్ముడు శ్రీను, మూతి ముడుచుకుని.

"మూడోసారి అన్నా! లైట్లు పచ్చగనే ఉంటయ్, బండేమో నడి తొవ్వల ఆగుతది. అక్క నిన్న వానల తడుసుకుంట కూసున్నది. ఇంకోసారి ఆగితే గీ బండి అమ్మేస్త. నేనే బైకు మీద దింపుత."

"వాడు దింపేది వానికి తీరినప్పుడన్నా," అంది సాలి. "వాడు నిద్ర లేచేసరికి నా గిరాకి ఇంకో దర్జీ కాడికి పోతది."

ఎవరినీ అడగకుండా పనికి వెళ్లొచ్చే భాగ్యం ఆ బండితోనే వచ్చింది. అది పోతుందన్న భయం ఆమె గొంతులో వినిపించింది.

బండితో వచ్చిన, చార్జింగ్ ఎంతుందో చూపే లైట్లు ఉత్త అలంకారం. అందుకే మైక్రోకంట్రోలర్‌తో, అంటే వేలెడంత బోర్డు మీది చిన్న కంప్యూటర్ చిప్‌తో, కొత్త మీటర్ చేశాను. టేబుల్ మీద దాని అంకె వోల్టులు కొలిచే మల్టీమీటర్‌తో అచ్చంగా సరిపోయింది. మురిసిపోయాను. తీరా బండికి బిగించి చూస్తే, నా బోర్డు 25.2 అంటోంది, మల్టీమీటర్ 24.2 అంటోంది!

"ఒక్క వోల్టే కదన్నా, పోనీయ్," అన్నాడు శ్రీను.

"ఏంది పోనిచ్చేది? గా ఒక్క వోల్టులనే సగం బ్యాటరీ ఉన్నది!" అని కసిరాను.

ఈ చిప్ తన దగ్గరున్న ఒక వోల్టేజితో పోల్చి బ్యాటరీని కొలుస్తుంది. దాన్ని రిఫరెన్స్ అంటారు. బోర్డు నడిచే కరెంటునే నేను రిఫరెన్స్‌గా వాడాను. టేబుల్ మీద అది కంప్యూటర్ నుంచి వచ్చింది, బండిలో బ్యాటరీ వోల్టేజిని బోర్డుకు సరిపడా తగ్గించే కన్వర్టర్ నుంచి కాస్త తగ్గి వస్తోంది.

"కొలిచే టేపే కురచైతే బట్ట ఎక్కువున్నట్టు కనవడదా చెల్లె? గంతే," అంటే సాలి కిసుక్కున నవ్వింది. కరెంటు ఎంత ఊగినా తాను మారని రిఫరెన్స్ చిప్‌ను విడిగా పెట్టాక రెండు అంకెలూ కలిశాయి.

మర్నాడు తండా నుంచి దేవరుప్పులలో ఆమె కుట్టే కొట్టు దాకా ఆమె బండి వెనకే వెళ్లాను, శ్రీను కూడా వచ్చాడు. బండి ఆపి కాసేపాగి చూస్తే మీటర్‌లో చార్జింగ్ సగానికంటే తక్కువే మిగిలింది. బ్యాటరీ పాతబడింది, తిరిగి ఇల్లు చేరడం అనుమానమే.

"సూసినవా, నేను చెప్పలే?" అన్నాడు శ్రీను.

అతను పక్కకు వెళ్లగానే సాలి కళ్లనీళ్లు పెట్టుకుంది. "మీటర్‌ల జర ఎక్కువ చూపెట్టరాదే అన్నా. వాడు ఊకుంటడు."

"చూపెడ్త. మల్ల వానల కూసుంటవా?"

సాలి కళ్లు తుడుచుకుంది. తర్వాత గోడకేసి చూసింది. "గీడ ప్లగ్గు ఉన్నది. నేను కుట్టినంత సేపు చార్జింగ్ పెట్టుకుంట. నువ్వు ఉన్నది ఉన్నట్టే చూపెట్టు."

కొన్నాళ్లకు శ్రీను ఫోన్ చేశాడు. ఎత్తగానే అడిగాను, "బండి ఆగిందా తమ్మీ?"

"ఆగితే మంచిగుండు! అక్క పక్క తండాల దోస్తు ఇంటికి పోయిందన్నా, నాకు మాటన్న చెప్పలే. అడిగితే, మీటర్‌ను అడిగిన, నిన్నెందుకు అడగాలె అంటది!"

పడీ పడీ నవ్వాను. కొలత నిజమైతే మనిషి ఇంకొకరిని అడిగి కదలాల్సిన పని ఉండదని నాకు తెలిసింది ఆ రోజే.