అందరూ నా కాళ్ళతోనే మొక్కుకున్నారు

మా ఊరు గుడియాత్తం బజార్లో చెప్పుల అంగడివాడితో గొడవ పెట్టుకున్న రోజుకే నా జబ్బు మొదలైపోయింది. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. కొత్త షూ కొనుక్కుని ఇంటికి వచ్చేలోపు రెండుసార్లు తట్టుకుని తూలాను. కాలివేళ్ళు మొద్దుబారినట్టు ఉన్నాయి. మర్నాడు ఆ షూ పట్టుకెళ్ళి, బిగుతుగా ఉన్నవి అంటగడతావా అని ఆయన్ను నలుగురిలో కడిగిపారేశాను. పాపం, ఒక సైజు పెద్దవి ఇచ్చాడు. అవి వేసుకుని అంగడి మెట్లు దిగుతూ బోర్లా పడ్డాను. ఈసారి తిట్టడానికి నాకెవరూ దొరకలేదు.

ఆ షూ దేనికో చెప్పాలి. ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పాను. కొడుకు చదువు ముగించి ఉద్యోగంలో చేరాక, జీతం లేకపోయినా సరేనని ఒక ఏడాది సెలవు అడిగి తీసుకున్నాను. ఆ ఏడాదిలో హంపి చూడాలి, గోకర్ణంలో సముద్రం ముందు కూర్చోవాలి, మనాలి వెళ్ళి మంచు చేత్తో పట్టుకోవాలి. ఈత నేర్చుకోవాలి. ఇంట్లో పొద్దస్తమానం మాట్లాడే తెలుగును చదవడం, రాయడం నేర్చుకోవాలి. మాది తమిళనాడు, చదువంతా తమిళంలోనే సాగింది. ఇవన్నీ నేనొక్కదాన్నే, ఎవరికీ కాఫీ కలిపి ఇచ్చే పని లేకుండా చేయాలని నా కోరిక. ఆ షూ కొన్నది అందుకే. మా ఆయనకు సిమెంటు, ఇనుప కమ్మీల అంగడి ఉంది. ఆయన వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. "ఒక్కదానివే యాడికి పోతావు?" అని ఒకసారి అడిగి, నేను చెప్పబోయేసరికి పేపరు అడ్డం పెట్టుకున్నారు.

పడిన సాయంత్రం మా వీధి చివరి క్లినిక్‌లో చూపించుకున్నాను. బీ-ట్వెల్వ్ తక్కువై ఉంటుందని సూది వేసి పంపారు. మర్నాడు పొద్దున బాత్‌రూంలో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. గోడ పట్టుకుందామంటే చేతులు కూడా పట్టు తప్పాయి. మా అత్త ఇది వాతమేనని తేల్చి, కాళ్ళకు నువ్వుల నూనె కాచి రుద్దింది. ఆ నూనె వేడి నాకు తెలియలేదు.  మా ఆయన అంగడి షట్టరు కూడా దించకుండా కారు తెచ్చారు.

వేలూరు ఆసుపత్రి క్యాజువాల్టీలో చిన్న వయసు డాక్టరు ఒకాయన రబ్బరు సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి చూశాడు. కాలు కదల్లేదు. "రిఫ్లెక్సెస్ యాబ్సెంట్" అని పక్కనున్న నర్సుకు చెప్పాడు. ఈమధ్య జ్వరం, విరేచనాలు ఏమైనా వచ్చాయా అని అడిగాడు. సెలవు మొదలైన సంతోషంలో మోర్ధానా డ్యామ్ చూసి రావడానికి వెళ్ళి, దారిలో ఏదో తిని కడుపు పాడుచేసుకున్న సంగతి చెప్పాను. నరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. లంబార్ పంక్చర్ అని వెన్నులోంచి నీరు తీశారు. చివరికి పెద్ద డాక్టరమ్మ వచ్చి, ఇది గులియన్ బారే సిండ్రోమ్ అనీ, జీబీఎస్ అంటామనీ చెప్పింది. ఇన్ఫెక్షన్ మీద పోరాడాల్సిన శరీరం పొరపాటున తన నరాల మీదే పడుతుందట. చాలామంది మళ్ళీ నడుస్తారని ధైర్యం చెబుతూనే, ముందు ఇంకా దిగజారి ఆ తరవాతే కోలుకుంటారని కూడా చెప్పింది.

దిగజారడం ఎంత త్వరగా జరుగుతుందో అప్పటికి నాకు తెలియదు. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి అని పూటపూటకూ అడిగేవాళ్ళు. మొదట ముప్పై దాటాను. రెండు రోజులకే పది దగ్గర ఊపిరి అయిపోయింది. లెక్కల టీచరుకు పది దాటడం చేతకాలేదు. ఐసీయూకు తీసుకెళ్ళి గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. రక్తంలోని ప్లాస్మా తీసి కొత్తది ఎక్కించే ప్లాస్మా ఎక్స్ఛేంజ్ మొదలుపెట్టారు.

వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఏమీ తెలియదని బయటివాళ్ళు అనుకుంటారు. నాకు అన్నీ తెలుసు. ముక్కు మీద దురద పుడితే గోకే దిక్కు లేదని తెలుసు. రెప్పలు తప్ప ఒంట్లో ఇంకేదీ నా చేతిలో లేదని తెలుసు. చచ్చిపోతానని కాదు, ఇలాగే బతికిపోతానేమోనని భయపడ్డాను. అంత భయం అంతకుముందు నాకు ఎన్నడూ లేదు.

చూడ్డానికి వదిలే సమయంలో ఒక్కొక్కరే వచ్చి చెవి దగ్గర మాట్లాడేవాళ్ళు. ముందు మా అత్త వచ్చింది. "అమ్మా, నువ్వు లేచి నీ కాళ్ళతో తిరుమల కొండ నడిచి ఎక్కతావని మొక్కుకొన్నా. ఇంక నీకేం కాదు" అంది. తరవాత మా అక్క వచ్చి, మా ఊరి అమ్మవారి తిరునాళ్ళలో నా చేత నిప్పులు తొక్కిస్తానని మొక్కుకున్నానంది. అరికాళ్ళలో స్పర్శే లేనిదానిచేత నిప్పులు తొక్కిస్తుందట! ఇక మా ఆయన వంతు. వంగి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "పన్నెండు పౌర్ణములు నువ్వు తిరువణ్ణామలై గిరివలం నడుస్తావని సామికి చెప్పినా. ఏడాది పొడుగునా" అన్నారు. గిరివలమంటే కొండ చుట్టూ పద్నాలుగు కిలోమీటర్లు వట్టి కాళ్ళతో నడవాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరూ నా కాళ్ళతోనే మొక్కుకున్నారు. తన కాళ్ళు, తన మోకాళ్ళు ఒక్కరైనా ముందుకు పెట్టలేదు. నేను ఏరికోరి తెచ్చుకున్న ఏడాదిని నేను బతికానో లేదో తెలియకముందే పంచేసుకున్నారు. నోరు పెగిలితే ఆ ఐసీయూ అదిరిపోయేది. పెగల్లేదు కాబట్టి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అది భక్తి అనుకుని మా ఆయన తువ్వాలుతో తుడిచారు.

ఆ తరవాత న్యుమోనియా వచ్చింది. మెడలో రంధ్రం చేసి ట్రకియాస్టమీ పెట్టారు. వెంటిలేటర్ తీసి చూసేవాళ్ళు, మళ్ళీ పెట్టేవాళ్ళు. వారాలు గడిచాక ఒక పొద్దున కుడిచేతి బొటనవేలు కదిలింది. రీహాబ్ వార్డుకు మార్చారు. అక్కడ నేను పసిపిల్లలా కూర్చోవడం నేర్చుకున్నాను. కాళ్ళకు స్ప్లింట్లు కట్టి, రెండు కమ్మీల మధ్య నిలబెట్టేవాళ్ళు. వేళ్ళు వంగడానికి ఆక్యుపేషనల్ థెరపీలో పెన్సిలిచ్చి ఏదో ఒకటి రాయమన్నారు. పక్క మంచంలో చిత్తూరు ఆవిడ ఉండేది. ఆవిడ చెబుతుంటే వణికే చేత్తో అ, ఆ రాశాను. నేను అనుకున్నవాటిలో ఆ ఏడాది జరిగింది అదొక్కటే. ఇప్పుడు రాస్తున్నదాన్నీ ఆవిడే ఫోన్లో చదివించుకుని తప్పులు దిద్దింది.

ఇంటికి పంపేటప్పుడు రీహాబ్ డాక్టరు, నెల్లూరు వైపు మనిషి, ఒకే మాట చెప్పారు. "అలసిపోయాక కూర్చోవడం కాదమ్మా. అలసిపోకముందే కూర్చోవాలి." మా ఆయన తల ఊపారు.

ఇంటికి చేరేసరికి సెలవులో సగం పైనే అయిపోయింది. చేతికర్ర పట్టుకుని వాకిలి దాకా నడిచేదాన్ని. మా అత్త ముఖం మాడ్చుకుని తిరిగేది. నాకు జలుబు చేసినా మొక్కు తీర్చనందుకేనని గొణిగేది. నిజం చెప్పాలంటే నాకూ లోపల బెదురు పట్టుకుంది. ఊపిరి తిరిగి వచ్చింది ప్లాస్మా వల్లనో, మొక్కు వల్లనో నాకేం తెలుసు? మళ్ళీ ఆ గొట్టం వేస్తారేమోనన్న భయంతో, డాక్టరుకు చెప్పకుండా ఒక పౌర్ణమికి సరేనన్నాను.

తిరువణ్ణామలైలో మూడో వంతు కూడా నడవలేదు. మోకాళ్ళు మడుచుకుపోయి రోడ్డు మీద కూలబడ్డాను. వెనక వచ్చేవాళ్ళు నన్ను తప్పుకుంటూ వెళ్ళారు. మర్నాటికి చెంచా కూడా పట్టలేకపోయాను. జబ్బు తిరగబెట్టిందని ఏడుస్తూ వేలూరు వెళ్ళాం. డాక్టరు పరీక్షలన్నీ చేసి, తిరగబెట్టలేదు, శక్తికి మించి నడవడం వల్ల వచ్చిన తిప్పలు అన్నారు. ఎవరు నడవమన్నారని అడిగారు. మా ఆయన నేల చూశారు. నేను పోగొట్టుకున్నది కూడదీసుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఆ రోజు ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని, ఇంకా పదకొండు పౌర్ణములున్నాయి కదా, నన్ను చంపేదాకా నడిపిస్తారా అని అడిగాను.  అప్పుడు చెప్పారు ఆయన.

"నువ్వు ఒక్కదానివే పోతానన్నావు కదా. ఎట్లన్నా ఈ పయనం ఆపు సామీ అని నేను దణ్ణం పెట్టుకొన్నా. నెల తిరగకుండా నీ కాళ్ళు పడిపోయినాయి. నా వల్లే అనుకొన్నా. దానికే అంత పెద్ద మొక్కు మొక్కినా."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే పట్టరాని కోపం వచ్చింది. జబ్బుకు కారణం కడుపులో ఇన్ఫెక్షనే, ఆయన దణ్ణం కాదని నాకు తెలుసు. ఆ మాట చెప్పాను కూడా. అయినా కోపం పోలేదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, నా ప్రయాణం ఇష్టం లేదన్న ముక్క నాతో అనలేకపోయారు. "దేవునితో ఎందుకు చెప్పినారు? నాతో చెప్పాల్సింది" అన్నాను. ఆయన ఏడ్చారు. నేను ఓదార్చలేదు. "మొక్కింది మీరు. మిగతాది మీరే నడవండి. నా కాళ్ళు నాకు కావల్ల" అన్నాను.

ఇప్పుడు ప్రతి పౌర్ణమికీ ఆయనొక్కరే వెళ్ళి వస్తున్నారు. మా అత్త ఇంకా కొండ మాట ఎత్తుతుంది. నేను జవాబు చెప్పను. సెలవు అయిపోయింది. బడిలో ఒంటిపూట కూర్చునే పాఠం చెబుతున్నాను. అరికాళ్ళలో తిమ్మిరి అలాగే ఉంది. మధ్యాహ్నానికి కాళ్ళు బరువెక్కుతాయి. ఆయన గిరివలానికి వెళ్ళిన రోజున నేనొక్కదాన్నే బస్సెక్కుతున్నాను. మొదటిసారి ఆర్కాడు దాకా వెళ్ళి, బజారు వీధిలో సగం కూడా నడవలేక ఒక అంగడి మెట్టు మీద కూర్చుని వచ్చేశాను. తరవాత విరించిపురం వెళ్ళి, పాలారు ఏటి ఒడ్డున కాసేపు ఉండి వచ్చాను. మంచు ఇంకా చూడలేదు. చూస్తానో లేదో ఏ డాక్టరూ చెప్పడం లేదు. ఒక్కోసారి దానికి ఏడుపు వస్తుంది.

ఐసీయూ బయట నిలబడ్డవాళ్ళకు ఒక్క మాట. మొక్కుకోవద్దని అనను, ఆ తలుపు దగ్గర నిలబడితే ఎవరైనా మొక్కుకుంటారు. కానీ మీరు ఎక్కగల కొండకు, మీరు నడవగల దూరానికి మొక్కుకోండి. లోపల పడుకున్న మనిషి మళ్ళీ లేస్తే, ఆ కాళ్ళు ఎటు పోవాలో ఆ మనిషినే చెప్పనివ్వండి.