అత్త బల్లకు రాని ఆదివారాలు

నా చిన్నప్పుడు కవిటి పక్కన, కొబ్బరితోటల్లో ఉన్న మా చిన్న చర్చికి మా అత్త చెయ్యి పట్టుకుని వెళ్లేవాణ్ణి. ఆమె మా నాన్నకు అక్క. కిడ్నీలు చెడిపోయి కాళ్లు వాచేవి. ఆరాధనంతా కూర్చునేది గానీ, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు లేచి బయటికి వచ్చేసేది.

రొట్టె విరిచే ముందు ఒక హెచ్చరిక చదవడం మా సంఘంలో ఆనవాయితీ. అయోగ్యంగా తిన్నవాళ్లు జబ్బుపడతారని అందులో ఉంది. మా ఊళ్లో అత్తకొచ్చిన కిడ్నీ జబ్బు చాలా ఇళ్లలో ఉండేది. జబ్బుపడ్డవాళ్లంతా తమలో తెలియని పాపమేదో ఉందనుకుని, ఒకరి వెనక ఒకరు బల్లకు దూరమయ్యారు.

ఒక ఆదివారం మా నాయనమ్మ పాస్టరుగారిని గుమ్మంలోనే నిలేసింది.

"డాకటర్లు ఉప్పొద్దన్నారు, నీలొద్దన్నారు. దేముడి బల్ల కూడా వొద్దంటే నా కూతురు ఏటి తిని బతకాల అయ్యగారూ? అన్నేసి పుత్తకాలు సదివినారు కదా, అది సేసిన పాపమేటో సెప్పండి!"

ఆయన బైబిలు కాలేజీలో కొత్త నిబంధన మూలభాష గ్రీకు నేర్చుకున్నారు. 'ప్రార్థన సాలు, మాకెందుకా సదువులు' అని సంఘపెద్దలు నవ్వితే, పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టేశారు. ఆ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి అత్త మంచం పక్కన నేలమీద కూర్చున్నారు. ఆ హెచ్చరిక బైబిల్లో, తొలినాళ్ల సంఘమొకదానికి రాసిన ఉత్తరంలోదని, పేదవాళ్లు పని ముగించుకుని వచ్చేలోగా ప్రభువు బల్ల విందంతా తినేసిన కలిగినవాళ్లను మందలిస్తూ రాసిందని నెమ్మదిగా చెప్పారు.

"అయితే అది నాకు రాసింది కాదేటి?" అంది అత్త.

"కాదమ్మా. నాకీ సంగతి కాలేజీలోనే తెలిసింది. ఇక్కడ చెప్పడం నా పని అనుకోలేదు."

"మరి నాకీ జబ్బెందుకొచ్చినాది?"

"తెలీదమ్మా. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు." అన్నారాయన.

మళ్లీ బల్ల పెట్టిన ఆదివారానికి అత్త నడవలేకపోయింది. నాన్న, చిన్నాన్న కుర్చీతో సహా మోసుకొచ్చారు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, రసంతో పెదవులు తడుపుకుని, చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాతి బల్లకు ఆమె బతికి లేదు. పాస్టరుగారు మాత్రం అప్పటినుంచి ఉత్తరంలోని ఆ మందలింపును మొదటినుంచీ చదివి, విప్పి చెప్పాకే రొట్టె విరిచేవారు.

నేను పెద్ద చదువులు చదవలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకుని కొబ్బరి మండీలో పనిచేస్తున్నాను. ఎవరికైనా జబ్బు చేసిందని వింటే, కారణం చెప్పబోయే నోటిని ఆపుకుంటాను. ఊరటనిచ్చే మాట ఒకటి నిజంగా తెలిసుంటే మాత్రం ఆదివారం దాకా ఆగను. ఆ పూటే వాళ్లింటికి వెళతాను.