పల్లీకాయ అంగీ

మా బిడ్డకు బడి నాటకంలో పల్లీకాయ వేషం వచ్చిన రోజు ఇంట్లో తను తప్ప ఎవరూ సంతోషించలేదు. నాలుగో తరగతి పిల్ల. పంటల మీద నాటకం, వాళ్ళ తెలుగు టీచరే రాసింది. వరి, జొన్న, పత్తి, కంది ఒక్కొక్కటే వేదిక ఎక్కి నేను గొప్పంటే నేను గొప్పని వాదించుకుంటాయి. పల్లీకాయ మాత్రం చివరిదాకా ఒక మూల ముడుచుకుని కూర్చుంటుంది. అందరూ అరిచి అలిసిపోయాక లేచి, "మీరంతా పైన ఊగుతుంటే నేను మన్నులో పని చేసుకుంటున్నాను" అని మొదలుపెట్టి అందరి గాలీ తీసేస్తుంది. నాటకంలో గట్టి మాటలన్నీ దానివే.

మాది వనపర్తిలో కిరాణా దుకాణం. కౌంటర్ వెనక బియ్యం బస్తా మీద నిలబడి మా బిడ్డ ఆ మాటలు వల్లె వేస్తుంటే, చింతపండు కోసం వచ్చినవాళ్ళు నిలబడి విని, వింటూ వింటూ చక్కెర కూడా కట్టించుకుని పోయేవాళ్ళు. అది చూశాక మా ఆయన కూడా పల్లీకాయను ఒప్పుకున్నాడు.

బడిలో ఒక పద్ధతి ఉంది. డ్రెస్సులన్నీ అద్దెకిచ్చే ఒకాయన దగ్గరే తీసుకోవాలి. ఆయన పెద్ద ట్రంకుపెట్టె వేసుకుని బడికొస్తే తల్లిదండ్రులను పిలిచారు. వరికి ఆకుపచ్చ గౌను ఉంది. పత్తికి మేఘం డ్రెస్సు తీశాడు. జొన్నకు సూర్యుడిది. కందికి చిలక డ్రెస్సు, ముక్కు పీకేసి. నా వంతు వచ్చేసరికి పెట్టె అడుగు దాకా చేయి పెట్టి తల ఊపాడు.

"పల్లీకాయ లేదమ్మా. ఇంతవరకు ఎవ్వరడగలె. ఏనుగుంది. తొండం తీసేస్త, చెవులు లోపలికి మడుస్త. దూరంకెల్లి చూస్తే ఎవ్వరికి తెల్వదు."

"మరి తోక?" అని అడిగాను.

"తోక ఫ్రీ" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపే కార్యక్రమాలు చూసే మేడం వచ్చింది. డ్రెస్సు లేని పాత్రను తీసేద్దామంది. పెట్టెలో గులాబీ డ్రెస్సులు బోలెడున్నాయట, వెనక వరుసలో గులాబీలు నిలబడితే వేదికకు రంగొస్తుందట, మా పాపను అందులో కలిపేస్తుందట. గులాబీకి మాటలున్నాయా అని అడిగాను. గులాబీ నవ్వుతూ నిలబడితే చాలంది. మా బిడ్డ నా కొంగు పట్టుకుని ఉంది. ఆ పట్టు బిగుసుకుంది. ఇంటి దగ్గర చక్కెర అమ్మిపెట్టిన ఆ మాటలన్నీ తన నోట్లోనే ఆగిపోతాయని దానికి అర్థమైపోయింది.

నేను గద్వాలలో బట్టల దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని. బేరం కుదరకపోతే లేచి గడపదాకా పోవాలని, పోతుంటే వెనక్కి పిలుస్తారని నాకు నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. బిడ్డ చేయి పట్టుకుని గడపదాకా పోయాను. ఎవరూ పిలవలేదు. ఇక చేసేదేం లేక నేనే వెనక్కి తిరిగి, మా నాన్న వింటే తల బాదుకునే మాట అన్నాను. పల్లీకాయ డ్రెస్సు నేనే కుట్టి శనివారం రిహార్సల్‌కు తెస్తాను, బాగాలేకపోతే మీ ఇష్టం, గులాబీల్లోనే నిలబెట్టుకోండి. మేడం సరేనంది. అంత తొందరగా ఎదుటివాళ్ళు సరే అన్నారంటే బేరంలో మోసపోయింది మనమేనని కూడా నాకు తెలుసు.

అసలు సంగతి, నాకు కుట్టు రాదు. బట్టల దుకాణం వాళ్ళ పిల్లవు, కుట్టు రాకపోవడమేంటని అందరూ అడుగుతారు. అక్కడే ఉంది తిరకాసు. మా ఇంట్లో గుడ్డ అమ్మేవాళ్ళు సూది ముట్టరు. చేతిలో సూది చూస్తే, ముక్కలు అతికి అమ్ముతున్నామని గిరాకీవాళ్ళు అనుకుంటారని మా నాన్న భయం. అందుకే కళ్ళు మూసుకుని తడిమి నూలు ఏదో పట్టు ఏదో చెప్పగలను గానీ, ఊడిన గుండీ కుట్టించుకోవడానికి మొన్నటిదాకా వీధి చివరికి పోయేదాన్ని.

మొదట ఆ వీధి చివరి టైలర్ దగ్గరికే పోయాను. పెళ్ళిళ్ళ సీజనన్నాడు. బేరమాడటం మొదలుపెట్టేలోపే, పల్లీకాయ అన్న మాట విని, పిల్లలకు మిషను దగ్గర ఆడొద్దని చెప్పినట్టు నాకు మెల్లగా నచ్చజెప్పి పంపాడు.

గుడ్డ ఏది వాడాలో మాత్రం అనుకోకుండా దొరికింది. కోడేరు వైపు నుంచి ఒక రైతు ఇప్పటికీ పల్లీకాయ గోనెసంచుల్లోనే తెస్తాడు, మిగతావాళ్ళందరివీ ప్లాస్టిక్ బస్తాలే. ఆ సాయంత్రం ఖాళీ గోనె మీద రాలిపడ్డ కాయలు ఏరుతున్నాను. అన్నీ ఏరానని లేస్తే మా బిడ్డ ఇంకో పిడికెడు ఏరింది. మళ్ళీ చూస్తే ఇంకా ఉన్నాయి. గోనె మీద పల్లీకాయ కంటికి ఆనడం లేదు. అదే రంగు, అదే గళ్ళ గళ్ళ తోలు. ఎక్కడా వెతకక్కర్లేని గుడ్డ నా కాళ్ళ కింద ఉంది.

మా ఆయన గోనెసంచులను బంగారంలా దాచుకుంటాడు.

"గవి మళ్ళ దొరకయే" అన్నాడు.

"బిడ్డ ఆశ మళ్ళ దొరుకుతదా?" అన్నాను.

చిల్లులున్నది ఒకటి తీసిచ్చాడు. చిల్లుల పల్లీకాయను ఎవరు కొంటారని అడిగి మంచివి రెండు లాక్కున్నాను. ఆయనతో బేరంలో నేను గెలవని రోజు లేదు, ఆయన నన్ను గెలవనిస్తున్నాడని ఈ మధ్యే అనుమానమొస్తోంది.

సన్నటి నీళ్ళ పైపు ముక్కలు, కొసలు కలపకుండా, చుట్టలుగా వంచి లోపల పెట్టాను. నడుము దగ్గర ముందు గోనెకూ వెనక గోనెకూ విడివిడిగా సుతిలి తాడు గుచ్చి బిగించేసరికి పైన ఒక బుడిపె, కింద ఒక బుడిపె వచ్చి అచ్చం పల్లీకాయ అయింది. ఇక పక్కలు కుట్టాలి. గోనెలో సూది దిగదు, దిగితే రాదు. వేలు పొడుచుకుని, దారం తెంపుకుని, చివరికి దుకాణం వాళ్ళు మాత్రమే చేసే పని చేశాను. బియ్యం బస్తాల మూతులు కుట్టే చేతి మిషను తీసి గుర్రుమని చంక నుంచి మోకాలి దాకా రెండు పక్కలా లాగించాను. టీ మరిగేలోపు అయిపోయింది. ఇంత సులువైన పనికి టైలర్లు ఇన్నేళ్ళు మమ్మల్ని తిప్పుకున్నారా అని గర్వంగా టీ తాగాను.

బస్తా కుట్టు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. అది విప్పడానికే వేసే కుట్టు. సరైన కొస పట్టుకుని లాగితే మూతి మొత్తం సర్రున ఊడి చేతికొస్తుంది. తప్పు కొస పట్టుకుంటే బిగుసుకుపోతుంది. రోజూ విప్పే నాకు ఇది తెలియక కాదు. చేతిలో మిషను ఉండేసరికి ముందున్నది బస్తా అనుకున్నాను, అందులో నా బిడ్డ నిలబడుతుందని గుర్తుకు రాలేదు.

శనివారం రిహార్సల్‌లో మొదట అందరూ మెచ్చుకున్నారు. తెలుగు టీచరైతే గోనెను తడిమి తడిమి చూసింది. ఇంతలో వరి వేషం వేసిన పిల్ల మా బిడ్డ చంక కింద వేలాడుతున్న దారం చూసి, పాపం సర్దుదామనుకుని, లాగింది. సర్రుమంది. పల్లీకాయ సగానికి తెరుచుకుని కింద పడింది, పైపు చుట్ట దొర్లుకుంటూ పోయి పత్తి కాళ్ళకు తగిలింది. మధ్యలో మా బిడ్డ బడి బట్టల్లో, గోనె పీచుకు మెడంతా దద్దుర్లతో నిలబడి ఉంది. పిల్లలందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. గులాబీ డ్రెస్సు ఒకటి తీసి పెట్టమని ఆయాకు చెప్పింది.

ఇచ్చిన మాట నాదే, ఓడిందీ నేనే. అప్పుడు మా బిడ్డ మెడ గోక్కుంటూ అంది:

"మేడం, పల్లీకాయ పగిలితెనే గద గింజ బయటవడేది. నా డ్రెస్సు కరాబ్ కాలె. ముందుగాల పగిలింది, గంతే."

తెలుగు టీచర్ చప్పట్లు కొట్టబోయి ఆగింది. నాకు మాత్రం పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఎంత నష్టంలోనైనా సరుకును ఇంకో పేరుతో అమ్మొచ్చని మా దుకాణంలో అందరికంటే ముందు నేనే నేర్చుకున్నాను, కానీ ఇప్పుడు దాన్ని నా కంటే ముందు వాడింది నా బిడ్డ. వెంటనే బేరంలో దిగాను. చివరి మాట దగ్గర అదే దారం లాగి పల్లీకాయ పగులుతుంది, లోపలి నుంచి గింజ వస్తుంది, అట్లా పెట్టమన్నాను. రాసినదాంట్లో అది లేదు కదమ్మా అంది మేడం.

"రాసినదాంట్ల గులాబీ గూడ లేదు మేడం" అన్నాను.

గులాబీ డ్రెస్సు తీయబోతున్న ఆయాను ఆగమంది. కానీ దారం ముందే ఊడినా, సమయానికి ఊడకపోయినా తెర దించేస్తానంది. ఒప్పుకున్నాను. ఈసారి తొందరగా గడప దాటి వెళ్ళిపోయింది ఆమే.

గింజకు బట్ట కావాలి. గద్వాలకు మా అన్నకు ఫోన్ చేస్తే ఎర్రవల్లి చౌరస్తా మీదుగా వచ్చే బస్సుకు ఎర్ర శాటిన్ ఇచ్చి పంపుతానన్నాడు. శాటిన్ మిరపపండులా మెరుస్తుంది, వద్దన్నాను. పల్లీ గింజ పొట్టు అట్లా ఉండదు, కాస్త వెలిసిన గులాబీ రంగు. ఆ రంగు నూలుది నా దగ్గర ఒకటే ఉంది, నా గద్వాల చీర, ఒళ్ళు నూలు, అంచు పట్టు. మా నాన్న బతికున్నప్పుడు ఆయన దుకాణంలోనే, ఆయనతోనే బేరమాడి తీసుకున్నది. కూతురినని దారం పోగంత తగ్గించలేదు.

"చీరకు కత్తెర వెట్టినవా, చెల్లె?" అని, సంగతి చెప్పాక, అన్న ఫోన్లో గొంతు తగ్గించి అడిగాడు, ఎవరో పోయినట్టు. మా ఇంట్లో తానులోంచి గుడ్డ చింపుతారు, చీరను కోయరు.

"వెట్టిన" అన్నాను. "బీరువాల ముడుచుకోని పండుకుంటె ఎవరికి పనికొస్తది?"

ఈసారి మిషను ముట్టలేదు. సూదితోనే కుట్టాను. దగ్గర దగ్గరగా మొదలుపెట్టిన కుట్లు పోను పోను దూరమయ్యాయి, ఒక చేయి ఇంకో చేతికంటే పొడుగొచ్చింది. చుట్టూ ఆ చీర పట్టు అంచే వేశాను. నా మెడ కింద ఉండాల్సిన జరీ బిడ్డ మోకాళ్ళ దగ్గర మెరుస్తుంటే అద్దం ముందు తిరిగి తిరిగి చూసుకుంది. దద్దుర్లు కూడా లేవు, నూలు లోపల ఉంది కదా. గోనె పక్కలు మళ్ళీ బస్తా మిషనుతోనే కుట్టి, విప్పే కొస భుజం దగ్గరకు వచ్చేట్టు పెట్టాననుకున్నాను.

అనుకున్నాను. నాటకం రోజు, పిల్ల చివరి మాట దగ్గరికొచ్చి, భుజం దగ్గరి దారం లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. బిగుసుకుంది. మిషనును మోకాలి దగ్గర మొదలుపెట్టి పైకి లాగానో, పై నుంచి కిందికి లాగానో, ఆ క్షణంలో నాకు గుర్తురావడం లేదు. రెండు పక్కలా ఒకేలా కుట్టానో లేదో కూడా గుర్తు లేదు. వేదిక పక్కన మేడం తెర తాడు మీద చేయి వేసింది. ముందు వరుసల్లో కొందరు అయిపోయిందనుకుని లేస్తున్నారు. నేను కుర్చీలో సగం లేచి, అరవలేక, గాలిలో చేతులతో కిందికి కిందికి అని చూపిస్తున్నాను. మా ఆయన నా చీర పట్టుకుని కూర్చోబెట్టాడు.

పల్లీకాయ దారం వదిలేసి, నడుము మీద చేతులు పెట్టుకుని జనం వైపు తిరిగింది.

"ఏంది, అప్పుడే లేస్తున్నరు? మంచి సరుకుకు జరసేపు పడ్తది. కూసోండ్రి."

ఎవరూ రాసివ్వని మాటలు అవి. పొద్దుటి పూట గిరాకీ ముందు మా ఆయన అనేవి, నేను అనేవి. లేచినవాళ్ళు నవ్వుతూ కూర్చున్నారు. మేడం చేయి తాడు మీదే ఆగింది. మా బిడ్డ వంగి మోకాలి దగ్గర రెండు వేళ్ళతో తడిమింది, బస్తా మూతి తడిమినట్టే. కొస దొరికింది. ఒక్క లాగుడు. సర్రుమని ఆ పక్కంతా ఊడి గోనె తొక్క కింద పడింది. లోపలి నుంచి వెలిసిన గులాబీ రంగులో, ఒక చేయి పొడుగు ఒక చేయి పొట్టిగా, జరీ అంచుతో పల్లీ గింజ బయటికొచ్చి నిలబడి ఆ చివరి మాట చెప్పింది. వెనక వరుసలో గులాబీలు కూడా నవ్వుతూనే ఉన్నాయి, ఈసారి నిజంగా.

మేడం ఆ తర్వాతే తెర దించింది.

బయట డ్రెస్సులు లెక్క చూసుకుని పెట్టెలో సర్దుకుంటున్న ఆ అద్దె డ్రెస్సులాయన నన్ను చూసి లేచాడు.

"అమ్మా, ఆ పల్లీకాయ నాకియ్యరాదు? అందరు అడుగుతరిగ. నువ్వే ధర చెప్పు."

ధర చెప్పమని ఎదుటివాడే అడిగితే నోట్లో నీళ్ళూరని రోజు నా జన్మలో లేదు. మా బిడ్డ వైపు చూశాను. చేతిలో ఊడిన దారం చుట్టుకుంటూ, తల అడ్డంగా ఊపింది.

"అమ్మను" అన్నాను. "దీనికి తోక ఫ్రీ రాదు."

గోనె మా దుకాణంలో బిస్కెట్ డబ్బాల పైన మేకుకు వేలాడుతోంది. మా ఆయన ఆ సంచులు తిరిగివ్వమని అప్పుడప్పుడు అడుగుతుంటాడు. నేనివ్వను.