ఫాదర్ల దర్జీ

చర్చికి ఎదురుగా ఉన్న ఒంటిగది కొట్టులో దర్జీ యాభై రెండేళ్లు ఫాదర్లకు అంగీలు కుట్టాడు. ఎనిమిది మందికి కుట్టి, ఒక్కరి ఒంటికీ టేపు తగిలించలేదు. ఆదివారం పూజలో మూడో బల్ల మీద కూర్చుని, ప్రసంగం ముగిసేలోపు మనిషిని కంటితోనే కొలిచేసేవాడు. మొదటి ఫాదరు కారే పైకప్పు తానే ఎక్కి పెంకులు సర్దిన మనిషి. ఆయన అంగీకి మోచేతుల దగ్గర రెండో పొర వేశాడు. నాలుగో ఆయనకు ఉపవాస కాలంలో నడుము రెండంగుళాలు తగ్గి, తర్వాత మూడంగుళాలు పెరిగేది. ఊరికి ఫాదర్ల ప్రసంగాలు గుర్తుంటే, దర్జీకి వాళ్ల మెడలు గుర్తు. పైఊరి దర్జీలు ఎవరూ ఈ పని చేయలేరని ఊరంతా చెప్పుకునేది.

తొమ్మిదో ఫాదరు కొత్తగా వచ్చాడు. దర్జీ ఆయన్నీ పూజలో కంటితోనే కొలిచి అంగీ కుట్టాడు. వచ్చే ఆదివారం బిషప్ గారు వస్తున్నారు. శనివారం మధ్యాహ్నం పూజ సామాను గదిలో ఫాదరు కొత్త అంగీ తొడుక్కుంటే కింది అంచు బెత్తెడు నేల మీద జీరాడింది.

ఫాదరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "తప్పు మీది కాదు తాతగారూ. పూజలో బలిపీఠం వెనక పీట వేసుకుని నిలబడతాను. లేకపోతే వెనక బల్లల వాళ్లకి నా తల తప్ప ఏం కనపడదు. ఎవరికీ చెప్పకండి. పాత ఊళ్లో పిల్లలు నన్ను పీట ఫాదరు అనేవాళ్లు."

దర్జీ టేపు తెప్పించి, మోకాళ్ల మీద కూర్చుని అంచు కొలుస్తుండగా, చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పే ఉపదేశి లోపలికి వచ్చాడు. అతని నోట్లో నువ్వు గింజ నానదు.

"ఏంటి మామా! ఆఖరికి నువ్వూ టేపు పట్టావా? ఏమైంది నీ కన్నుకి?"

పీట సంగతి చెబితే దర్జీ పేరు నిలుస్తుంది. ఫాదరు పేరు సాయంత్రానికి ఊరి నోట్లో పడుతుంది. ఫాదరు గోడ వైపు తిరిగాడు. దర్జీ నోట్లోని గుండుసూదులు తీశాడు.

"చూపు ఆనడం లేదురా అల్లుడూ. వయసైపోయింది."

బిషప్ గారు అంగీ బాగుందన్నారు. సోమవారం ముగ్గురు వచ్చి, కుట్టడానికి ఇచ్చిన గుడ్డలు వెనక్కి తీసుకెళ్లారు. దర్జీ మడతపెట్టి ఇచ్చేశాడు.

నీళ్ల బిందెతో గుమ్మంలోకి వచ్చిన భార్య అడిగింది. "ఏమయ్యా, నిజంగానే కనపడటం లేదా?"

"నీ ఎడమ భుజం ముప్పావంగుళం దిగిపోయింది. బిందె చెయ్యి మార్చుకో" అని, దర్జీ మిషను మీద గుడ్డ కప్పాడు.