కేటలాగులో లేని రంగు

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మన గోదావరి జిల్లాల చిత్రకారులు పెట్టిన ప్రదర్శనల కేటలాగులు సేకరించడం నాకున్న పిచ్చి. ఆ రోజు రాజమండ్రి పాతపుస్తకాల కొట్లో ఒకటి దొరికితే నరసాపురం రైల్లో తిరగేస్తున్నాను. బొమ్మలన్నీ నలుపు తెలుపుల్లోనే అచ్చయ్యాయి. కిటికీ పక్కన కూర్చుని లేసు అల్లుతున్న స్త్రీ బొమ్మ దగ్గర ఆగాను.

ఎదుటి సీట్లోని పెద్దావిడ ముందుకు వంగి, "ఒక్కసారి ఇస్తారాండీ?" అని అడిగారు. తీసుకుని ఆ బొమ్మని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు.

"మా అమ్మండి. వేసింది మా అన్నయ్య. వరదకి ఇంట్లోకి నీళ్లొచ్చి వాడి బొమ్మలన్నీ పోయాయి. తర్వాత కొన్నాళ్లకి వాడూ పోయాడు. ఇది అచ్చులో ఉందనే మాకు తెలీదండి."

చీర కుచ్చెళ్లను వేలితో తడిమారు. "అమ్మది నేరేడుపండు రంగు చీర. అన్నయ్య దగ్గర ఆ రంగు లేక నీలం వేసేశాడు. 'ఇది నా చీరే కాదురా' అని అమ్మ అలిగి అన్నం కూడా తినలేదు."

నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

ఏళ్లుగా వెతికిన పుస్తకమే అయినా, "మీరే ఉంచుకోండమ్మా" అన్నాను.

ఆవిడ ఫోన్లో ఆ పేజీ ఫొటో తీసుకుని పుస్తకం తిరిగి ఇచ్చేశారు. "మీ దగ్గరుంటే నలుగురూ చూస్తారండి. చూసినవాళ్లకి ఆ చీర రంగు మాత్రం చెప్పండి" అని పాలకొల్లులో దిగిపోయారు.

ఏ రంగు చెప్పమంటారో నేను అడగలేదు. అందుకే ఆ పేజీ ఎవరు తెరిచినా అమ్మ కట్టిన నేరేడు రంగూ చెబుతాను, అన్నయ్య వేసిన నీలమూ చెబుతాను.